పగులును గీకేసే ముందు ఒక్క ముక్క మాకివ్వండి: తనిఖీ ఇంజనీర్లకు, ఫ్యాక్టరీ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

పీడన పాత్రలను, వేడి ట్యాంకులను పరీక్షించి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే ఇంజనీర్లకు,
మందుల, రసాయన, ఎరువుల కార్ఖానాల యాజమాన్యాలకు, మెయింటెనెన్స్ అధిపతులకు,
ఫ్యాక్టరీల భద్రత చూసే ప్రభుత్వ అధికారులకు,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఒక మెటలోగ్రఫీ ల్యాబులో టెక్నీషియన్‌ని. 26 ఏళ్ళుగా ఇదే పని: విరిగిన ఇనుమును, పగిలిన స్టీలును కోసి, అరగదీసి, అద్దంలా పాలిష్ చేసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాను. పెద్ద చదువులేమీ లేవు, ఐటీఐ తర్వాత డిప్లొమా. నాకంటే చదువుకున్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. అందుకే మీకు తెలియనిది చెప్పబోవడం లేదు. తెలిసీ మనం పక్కన పెడుతున్న పని గురించే ఈ ఉత్తరం. ఇదే మాట విడిగా నాలుగు ఉత్తరాల్లో రాశాను. ఒకటి యాజమాన్యానికి, రెండు సర్టిఫికెట్ ఇచ్చిన ఇంజనీరు గారికి, ఒకటి ఒక ప్రభుత్వ కార్యాలయానికి. ఏడు నెలలైనా ఒక్క జవాబూ రాలేదు. ఇక నలుగురిలో చెప్పక తప్పలేదు.

ముందు జరిగింది చెబుతాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను. ల్యాబుకు వచ్చిన ముక్క డాక్టరు దగ్గరికి వచ్చిన రోగి లాంటిది, దాని గుట్టు బయటపెట్టడం మా వృత్తి ధర్మం కాదు.

సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక కార్ఖానాలో వేడి సాల్వెంటు (రసాయనాలను కరిగించే, తొందరగా అంటుకునే ద్రవం) నిలవ ఉంచే ట్యాంకు ఒకటి ఉంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, 6 మిల్లీమీటర్ల రేకు. లోపల సుమారు 75 డిగ్రీల వేడి. బయట వేడి పోకుండా గ్లాస్ ఉల్ (దూదిలాంటి గాజు పీచు) చుట్టి, దాని మీద అల్యూమినియం రేకు తొడిగారు. ఒక వానాకాలంలో నాజిల్ (ట్యాంకుకు గొట్టం కలిసే మూతి) వెల్డు పక్కన తడి కనిపించింది. ఉల్ విప్పి డీపీ టెస్ట్ చేశారు, అంటే ఎర్ర రంగు పూసి తుడిచి, పైన తెల్లటి డెవలపర్ పొడి చల్లి, పగులులో దాగిన రంగు బయటికి తేలుతుందేమో చూడడం. తెల్లటి డెవలపర్ మీద ఎర్రగా ఒక గీత, దానికి రెండు మూడు కొమ్మలు. గ్రైండర్‌తో గీకారు, వెల్డింగు పెట్టారు, మళ్ళీ డీపీ చేస్తే ఏమీ లేదన్నారు. మందం కొలిచే మీటరు పెడితే 6 మిల్లీమీటర్లూ 6గానే ఉంది. "వినియోగానికి యోగ్యం" అని కాగితం వచ్చేసింది.

నాలుగు నెలలు తిరగకుండానే మూడంగుళాల అవతల మళ్ళీ తడి. మళ్ళీ గ్రైండింగు, మళ్ళీ వెల్డింగు. ఈసారి తప్పంతా వెల్డర్ నెత్తిన పడింది. "నీ చేతి పని బాగాలేదు" అని కాంట్రాక్టర్ అతన్ని పనిలోంచి తీసేశాడు. మూడోసారి కారినప్పుడు తడి పైకి కనిపించలేదు. సాల్వెంటును గ్లాస్ ఉల్ గుడ్డలా పీల్చుకుంది. హాట్‌వర్క్ పర్మిట్ (నిప్పురవ్వలు లేచే పనికిచ్చే అనుమతి కాగితం) మీద సంతకాలన్నీ ఉన్నాయి. గ్రైండర్ నిప్పురవ్వ ఉల్ మీద పడింది. శ్రీకాకుళం జిల్లా నుంచి కూలికి వచ్చిన కుర్రాడు, హెల్పరు, ఇరవై రెండేళ్ళుంటాయేమో. కుడి చెయ్యి మోచేతి దాకా, మెడ ఒక పక్క కాలిపోయాయి. ప్రాణం దక్కింది.

అప్పుడు గానీ ముక్క మా ల్యాబుకు రాలేదు. అరచేయంత ముక్క. వైర్ బ్రష్షుతో తోమి, నూనె రాసి, దేవుడి పళ్ళెంలా మెరిపించి పంపారు. తోడు వచ్చిన కాగితంలో అడిగింది రెండే: స్టీలు గ్రేడు సరైనదేనా, వెల్డింగు బాగుందా. పగులు ఎందుకొచ్చిందో తేల్చమని ఎవరూ అడగలేదు.

అడగకపోయినా చూశాం. చేతి గ్రైండర్ తగలని ఒక అంచు మిగిలి ఉంది. అక్కడ నీళ్ళు పోసుకుంటూ నెమ్మదిగా కోసి, బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో పొదిగి బిళ్ళ కట్టాం. 220 నంబరు ఎమరీ నుంచి 1200 దాకా ఒక్కో కాగితానికీ బిళ్ళను అడ్డం తిప్పుతూ అరగదీశాం. తర్వాత గుడ్డ మీద డైమండ్ పేస్టు, 6 మైక్రాన్లు, 3, చివరికి 1. ఎచింగ్ (లోహం లోపలి అమరిక కనిపించేలా ఆమ్లంతో పైపొరను కాస్త తినిపించడం) చెయ్యకుండానే మొదట చూడాలి, ఇది కొత్తగా చేరిన పిల్లలకు నేను మొట్టమొదట చెప్పే మాట. తొందరపడి ఆమ్లంలో ముంచితే పగులు అంచులు తినేసి, లేని వెడల్పు కనిపిస్తుంది.

వంద రెట్లు పెద్దది చేసి చూస్తే మెరిసే తెల్లటి నేల మీద నల్లటి గీత. మొదట్లో ఒక్కటే. కాస్త లోపలికి పోయాక రెండు, ఆ రెండూ నాలుగు, ఇంకా లోపల సన్నటి పీచుల్లాంటివి లెక్కలేనన్ని. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా చీలిపోయిన పటం చూస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఇక్కడ అసలు సంగతి, పాయలు చీలిన దిక్కు. నది పెద్దగా ఉన్న చివర ట్యాంకు బయటి వైపు ఉంది, సన్నటి పాయలు లోపలి వైపున్నాయి. అంటే పగులు సాల్వెంటు వైపు పుట్టలేదు. బయట, గ్లాస్ ఉల్ కింద పుట్టి లోపలికి నడిచింది. అప్పటిదాకా ఫ్యాక్టరీవాళ్ళు సాల్వెంటులో ఆమ్లం పెరిగిందేమోనని లోపలి సరుకును రోజూ పరీక్ష చేయిస్తున్నారు!

తర్వాత పది శాతం ఆక్సాలిక్ ఆమ్లంలో, చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియర్ కరెంటుతో 90 సెకన్లు ఎచింగ్ చేశాం. స్టీలులోని గ్రెయిన్లు, అంటే లోహపు సన్నటి రేణువులు, పొలం మడుల్లా, వాటి హద్దులు గట్లలా విడివిడిగా తేలాయి. పగులు గట్ల వెంట నడవలేదు, మడులకు అడ్డం పడి కోసుకుంటూ పోయింది. గట్లూ కాలువలు తవ్వినట్టు లేవు. అంటే వెల్డింగు వేడికి స్టీలు పాడవలేదు. వెల్డు లోహం శుభ్రంగా ఉంది, పగులు దాని అంచు దాకా వచ్చి ఆగింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న చోటికి పంపి పగులు కొన దగ్గర చూపిస్తే క్లోరిన్ కనిపించింది.

స్టీలు మామూలుగా తుప్పు పట్టడం వేరు, ఇది వేరు. మా వాళ్ళు పొట్టిగా ఎస్‌సీసీ అంటారు, తెలుగులో ఒత్తిడి తుప్పు పగులు అందాం. మూడు కలిస్తేనే వస్తుంది: ఆ జబ్బుకు లొంగే లోహం, లాగుతున్న ఒత్తిడి, ఆ లోహానికి పడని రసాయనం. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా రాదు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీది క్రోమియం ఆక్సైడ్ పొర, మిల్లీమీటరును పది లక్షల వంతులు చేస్తే అందులో రెండు మూడు వంతుల మందం. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని అక్కడక్కడా గిల్లుతుంది. కింద ఒత్తిడి లాగుతూ ఉంటే పొర మళ్ళీ అతుక్కునే వీలుండదు. ఆ ఒత్తిడికి ట్యాంకు నిండా సరుకు ఉండనక్కర్లేదు, వెల్డింగు చల్లారేటప్పుడు లోహంలో బిగుసుకుపోయిన ఒత్తిడే చాలు. మామూలుగా 60 డిగ్రీలు దాటితే 304కి, 316కి ఈ భయం మొదలవుతుందని లెక్క. ఇంకో విచిత్రం, నికెల్ 8 శాతం దగ్గర ఉన్న స్టీలే ఈ పగులుకు తొందరగా లొంగుతుంది. మనం ఎక్కువగా వాడే 304లో నికెల్ ఉన్నది సుమారు అంతే.

సముద్రపు గాలి, వాన, రేకు అతుకుల్లోంచి దిగిన నీరు, ఉప్పదనం ఉన్న బోరునీళ్ళతో ఫ్లోరు కడుగుడు. ఇవన్నీ ఉల్‌లోకి చేరి, వేడికి నీరు ఆవిరై, ఉప్పు మాత్రం అక్కడే చిక్కబడుతుంది. ఉప్పుమడిలో జరిగేదే ఆ రేకు కింద కూడా జరిగింది. కాబట్టి మందు లోపలి సరుకులో లేదు. ఉల్ మార్చాలి, స్టీలుకు బయట పూత వెయ్యాలి, అతుకులు నీరు దిగకుండా మూయాలి. మూడుసార్లు పెట్టిన వెల్డింగేమో జబ్బుకు మందు కాకపోగా కొత్త ఒత్తిడిని తెచ్చి పక్కనే ఇంకో పగులుకు చోటిచ్చింది. గ్రైండర్ కూడా అంతే. పైగా కొమ్మలన్నీ గీకామనుకుంటారు గానీ, కంటికి కనిపించని పీచు ఒక్కటి మిగిలినా చాలు.

మా రిపోర్టు రెండు పేజీలు, నాలుగు ఫొటోలు. బిల్లు వెంటనే చెల్లించారు, ఆ మాట ఒప్పుకోవాలి. నెల తర్వాత ఆ ట్యాంకు కొత్త కాగితం నా కంటపడింది. "వెల్డింగు లోపం సరిచేయబడింది. యోగ్యం." వెల్డింగులో లోపం లేదని తేల్చిన ఫొటో మా దగ్గరుండగానే!

ఇదొక్క ఫ్యాక్టరీ రోగం కాదు, మన ఊళ్ళకే పట్టిందీ కాదు. 1974 జూన్ 1న ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో కార్ఖానా పేలి 28 మంది పోయారు. దానికి ముందు మార్చిలో అయిదో నంబరు రియాక్టరుకు పొడుగాటి పగులు కనబడింది. నైట్రేట్ కలిసిన నీళ్ళు బయట నుంచి పోయడం వల్ల వచ్చిన ఒత్తిడి తుప్పు పగులది. అదీ బయట నుంచే! ఆ రియాక్టరును తీసేసి, దాని చోట తాత్కాలికంగా పైపు వేసి నడిపించారు. పేలింది ఆ పైపు దగ్గరే. పగులు ఎందుకొచ్చిందో తేల్చకుండా, మిగిలిన రియాక్టర్లకు కూడా ఉందేమో చూడకుండా ప్లాంటు ఎందుకు మొదలుపెట్టారన్నది తర్వాత విచారణలో తేలిన పెద్ద తప్పుల్లో ఒకటి. 50 ఏళ్ళు దాటింది. మన ట్యాంకు దగ్గర కూడా జరిగింది అదే కదా.

1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. వంతెనను మోసే గొలుసు కడ్డీల్లో ఒకదాని కంటి (చివరనున్న రంధ్రం) దగ్గర పగులు. లోతు రెండున్నర మిల్లీమీటర్లు. 1928లో కట్టినప్పటి నుంచి వంతెన మీద లెక్కలేనన్ని బళ్ళు తిరిగాయి, ఎవరి కంటికీ అది ఆనలేదు. 1985లో స్విట్జర్లాండులోని ఊస్టర్‌లో ఈతకొలను పైకప్పు కూలి 12 మంది పోయారు. కప్పును వేలాడదీసినవి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు, పాడుచేసింది కొలను గాలిలోని క్లోరైడు. అక్కడ కొలిమి లేదు, కొలిమి వేడీ లేదు. 60 డిగ్రీల లెక్కను నమ్ముకుని నిశ్చింతగా ఉండేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది. హైదరాబాదులో, విశాఖలో కప్పు కింద ఈతకొలనులున్న అపార్టుమెంట్లు ఎన్ని వచ్చాయో మీకు తెలుసు.

మరీ పాత సంగతి ఒకటి, మన దేశానిదే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాస్తే ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. ఇత్తడి కాబట్టి మన లెక్కలోకి రాదు గానీ, కారణం గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా. ఆ అమ్మోనియాయే మామూలు స్టీలునూ పగలగొడుతుంది. అందుకే ఎరువుల కార్ఖానాల్లో, టాంకర్లలో అమ్మోనియాకు 0.2 శాతం నీరు కావాలని కలుపుతారు. ఆ కాస్త నీరు ఉంటే స్టీలు బతుకుతుంది. ఇంత చిన్న మందు దొరికిందంటే ఎవరో పగిలిన ముక్కలను గీకి పారేయకుండా ఓపిగ్గా చూడబట్టే.

2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఇది చదివి కొందరు దాన్నీ ఇందులో కలుపుతారు. కలపకండి. అది లోపల నుంచి పైపును పల్చబరిచిన తుప్పు, ఒత్తిడి తుప్పు పగులు కాదు. జబ్బు పేరు సరిగ్గా పెట్టాలని అడిగే నేనే అన్నిటికీ ఒకే పేరు పెడితే ఎలా?

ఇక, మైక్రోస్కోపు కింద చూడకుండా వదిలేస్తే నష్టం ఎవరిదో చెబుతాను.

1. గ్రైండరు పట్టుకున్న కుర్రాడిది. పగులు ఎంత లోతో, వెనక ఏముందో, ఉల్ ఏం పీల్చుకుందో అతనికెవరూ చెప్పరు. అతని పేరు ఫ్యాక్టరీ రిజిస్టరులో ఉండదు, కాంట్రాక్టరు చీటీలో ఉంటుంది. చెయ్యి కాలిన ఆ కుర్రాడు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడట, కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవట.

2. వెల్డర్‌ది. చెయ్యని తప్పుకు పని పోయింది. "ఫలానా ఫ్యాక్టరీలో అతని జాయింట్లు పగిలాయి" అన్న మాట ఒకసారి పడితే ఆ చుట్టుపక్కల ఎవరూ పిలవరు. అతని పక్షాన సాక్ష్యం చెప్పగలిగింది ఆ బిళ్ళ ఒక్కటే. దాన్ని పిలిచినవాళ్ళు లేరు. వెల్డింగులు పాడైన సందర్భాలు లేవని నేననడం లేదు, వారానికొకటి చూస్తాం. కానీ ఆ తీర్పు చెప్పాల్సింది సూపర్‌వైజర్ కోపం కాదు.

3. రాత్రి షిఫ్టు ఆపరేటర్లది. ఈ పగులులో రేకు పల్చబడదు. మందం మీటరు చివరి రోజు దాకా 6 మిల్లీమీటర్లే చూపిస్తుంది. ఉబ్బదు, వంగదు, తుప్పు పొట్టు రాలదు. కాగితం మీద "యోగ్యం" అని ఉన్నప్పుడు దాని పక్కన కుర్చీ వేసుకు కూర్చునే మనిషి ఇంకేం చూసుకోగలడు?

4. గోడ అవతలి ఊరిది. సైరను మోగితే ఎటు పరిగెత్తాలో ఇప్పటికీ చాలా ఊళ్ళలో తెలియదు. లోపల ఫలానా ట్యాంకు మూడుసార్లు కారిందన్న సంగతి వాళ్ళకు చేరే దారే లేదు.

5. డబ్బు మాట కూడా అనేస్తాను, యాజమాన్యాలకు అదే ముందు వినబడుతుంది కాబట్టి. మూడు షట్‌డౌన్లు, మూడుసార్లు వెల్డింగు, రోజూ లోపలి సరుకు పరీక్షలు. అన్నీ తప్పు కారణం మీద పెట్టిన ఖర్చే. ముక్క చేతికొచ్చాక మా ల్యాబులో బిళ్ళ కట్టి, చూసి, ఫొటో తీసి చెప్పడానికి పట్టేది ఒకటిన్నర రోజు.

"ప్రతి పగులుకూ ముక్క కోస్తే ట్యాంకు మిగలదు కదా" అని ఒక పెద్దమనిషి ఫోనులో నవ్వారు. నిజమే, ప్రతిసారీ కోయనక్కర్లేదు. రెప్లికా అనేది ఉంది. ట్యాంకు మీదే అరచేయంత చోటు పాలిష్ చేసి, ఎచింగ్ చేసి, ఎసిటోన్‌తో మెత్తబరిచిన సన్నటి ప్లాస్టిక్ పొరను అద్దుతాం. ఆరాక ఊడదీస్తే పగులు ముద్ర దాని మీద పడుతుంది. దాన్ని గాజు పలక మీద అంటించి మైక్రోస్కోపు కింద చూడొచ్చు. కొమ్మలేశాయా, గట్ల వెంట నడిచిందా, మడులు కోసిందా తెలిసిపోతుంది. ఎంత లోతుకు పోయిందో మాత్రం చెప్పదు, అది పైచూపే. కొమ్మల్లేకుండా నాగటి చాలులా సూటిగా పోతే వణుకుడు వల్ల వచ్చిన అలసట పగులేమో చూడాలి. గట్ల వెంట పోయి, గట్లు కాలువల్లా ఉంటే స్టీలు గ్రేడు, వెల్డింగు వేడి సంగతి తేల్చాలి. మూడు జబ్బులకూ మందులు వేరు. మూడింటికీ వెల్డింగే పెడుతున్నాం మనం.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి.

1. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర గానీ, పైపు గానీ పగిలినప్పుడు రెప్లికా అయినా తియ్యకుండా గ్రైండరు పెట్టనివ్వకండి. రెండోసారి అదే పాత్ర పగిలితే రెప్లికా సరిపోదు, ముక్క కోయాల్సిందే. ఈ మాట మీ హాట్‌వర్క్ పర్మిట్ కాగితంలోనే ఒక గడిగా పెట్టండి. పర్మిట్ మీద సంతకం పెట్టేవాళ్ళ కంట పడేది అదొక్కటే.

2. ముక్కను తోమకండి, నూనె రాయకండి, విరిగిన రెండు ముఖాలనూ "సరిపోతున్నాయా" అని కలిపి చూడకండి. ఉత్త చేత్తో పట్టుకోకండి, చెమటలో ఉన్నది కూడా ఉప్పే. ఆ తర్వాత మేం క్లోరిన్ చూపిస్తే అది పగులుదా, మీ చెయ్యిదా అని కోర్టులో అడుగుతారు, అడగాలి కూడా. పొడిగా ఉన్న ప్లాస్టిక్ కవరులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి, ఏది లోపలి వైపో ఏది బయటి వైపో మార్కరుతో రాసి పంపండి. ఈ ఒక్క బాణం గుర్తు లేక నేను వృథా చేసుకున్న రోజులు ఎన్నో.

3. "సంతృప్తికరం" అన్న ఒక్క ముక్కతో సర్టిఫికెట్ ఇవ్వకండి. పగులు ఎక్కడ పుట్టింది, ఏ దారిన నడిచింది, కారణం ఏమిటి, ఆ కారణాన్ని తీసేశారా లేదా, ఈ నాలుగూ రాయండి. తెలియకపోతే తెలియదని రాసి సంతకం పెట్టండి. దానికీ ధైర్యం కావాలి, మీకుందనే నమ్ముతున్నాను.

4. ఒకటి పగిలితే దాని అక్కచెల్లెళ్ళను కూడా చూడండి. అదే స్టీలు, అదే వేడి, అదే ఉల్ ఉన్న ప్రతి ట్యాంకునూ ఉల్ విప్పి డీపీ చెయ్యండి. నేను చెప్పిన కార్ఖానాలో అలాంటివి ఇంకో అయిదున్నాయి. వాటి ఉల్ విప్పినట్టు ఈ రోజు దాకా నాకు కబురు లేదు. ఈ మొత్తం ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వనిది ఈ అంశమే.

5. రిపోర్టు సారాంశాన్ని తెలుగులో, పది వాక్యాల్లో, ఆ ట్యాంకు దగ్గర పనిచేసేవాళ్ళు చదివేలా నోటీసు బోర్డు మీద పెట్టండి. కాంట్రాక్టు మనుషులకు చదివి వినిపించండి. ఫ్యాక్టరీ పేరు లేకుండా పక్క కార్ఖానాలకూ పంపే పద్ధతి అధికారులు పెట్టాలి. ఒకే సముద్రపు గాలి అందరి ట్యాంకుల మీదా వీస్తోంది.

6. మైక్రోస్కోపు రిపోర్టు లేకుండా ఏ వెల్డర్ మీదా తప్పు వెయ్యకండి. పైన చెప్పిన వెల్డర్‌కు తప్పు అతనిది కాదని ఒక కాగితం రాసివ్వండి. డబ్బు సంగతి తర్వాత.

7. బిళ్ళలను, మిగిలిన ముక్కలను కనీసం అయిదేళ్ళు దాచాలని నియమం పెట్టండి. ఇప్పుడు చాలాచోట్ల బిల్లు క్లియరయ్యాక పాత ఇనుము బుట్టలోకి పోతున్నాయి.

8. కొత్త పాత్రలకు నీటి పీడన పరీక్ష చేసేటప్పుడు ఆ నీళ్ళలో క్లోరైడు ఎంతో కొలిచి రాయండి. పరీక్షయ్యాక నీరు పూర్తిగా దించి ఆరబెట్టండి. తీరంలో బోరునీళ్ళతో నింపి, మూలల్లో నిలవ వదిలేసి, దాన్ని వేడెక్కిస్తే పుట్టుకతోనే జబ్బు అంటించినట్టే.

మా వృత్తివాళ్ళకూ ఒక మాట. మనమేం పులుకడిగిన ముత్యాలం కాదు. స్కేలు గీత లేని ఫొటోలు, ఎన్ని రెట్లు పెద్దదో రాయని ఫొటోలు రిపోర్టుల్లో అతికిస్తున్నాం. కస్టమరు వినాలనుకున్నది రాసిచ్చిన ల్యాబులూ ఉన్నాయి. "అడిగినదానికే జవాబు, మిగతాది మనకెందుకు" అని మా దగ్గరా అన్నారు, ఆ రిపోర్టు వేళ. గ్రేడు సరే, వెల్డింగు సరే అని రెండు లైన్లు రాసి ఊరుకుంటే సరిపోయేదే. అలా ఊరుకున్న సందర్భాలు నా 26 ఏళ్ళలో లేవని ప్రమాణం చెయ్యలేను.

మైక్రోస్కోపు అన్నీ చెబుతుందని కూడా అనను. పగులు ఏ నెలలో పుట్టిందో చెప్పదు. ఎవరి నిర్లక్ష్యమో చెప్పదు. ఎక్కడ మొదలైంది, ఎటు పోయింది, ఏ దారిన పోయింది, అంతే. ఆ మూడూ తెలియకపోవడం వల్లే ఒకతనికి చెయ్యి కాలింది, ఇంకొకతనికి పని పోయింది.

జవాబు ఇవ్వాలనుకునేవారు ల్యాబు చిరునామాకు రాయవచ్చు, మీ దగ్గరున్న నా నాలుగు ఉత్తరాల మీదా అది ఉంది. రాయడానికి తీరిక లేకపోతే రండి. ఆ బిళ్ళ మా ల్యాబులో కిటికీ పక్క బీరువా మూడో అరలో, సిలికా జెల్ డబ్బాలో ఉంది. బిళ్ళ వెనక బాణం గీసి "బయటి వైపు" అని రాశాను. వంద రెట్ల లెన్సు పెట్టి, ఫోకస్ సరిచేసి ఇస్తాను. చూడడానికి రెండు నిమిషాలు.

ఇట్లు,
ఒక మెటలోగ్రఫీ టెక్నీషియన్,
విశాఖపట్నం